మచ్చలేని రక్తం

"నీ ఉద్యోగం ఊడుతుందేమోనే తల్లీ! ఆ గొట్టాలు తారుమారు చేశావేమో, ఇంకోసారి చూసుకో" అంది తల్లి. క్యారియర్ ఇవ్వడానికి ల్యాబుకొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయిందావిడ.

"లేదమ్మా. మూడుసార్లు చూశాను."

నీలం దీపం కింద రెండు గాజు గొట్టాల్లో రక్తం ఉంది. సిగరెట్ పొగలోని ఆల్డిహైడ్ అనే రసాయనం ఒంట్లోని ప్రొటీన్లను పాడుచేస్తుంది. పాడైనచోట గొట్టంలో కలిపిన రంగు అతుక్కుని పచ్చగా మెరుస్తుంది. పొగతాగే రోగి గొట్టం మెరవాలి. పోల్చి చూడ్డానికి పెద్దసారు ఇచ్చిన గొట్టం మెరవకూడదు. ఇవాళ రెండూ పోటీపడి మెరుస్తున్నాయి.

"నా రక్తం మెరవడమా!" బల్ల పక్కన నిలబడ్డ పెద్దసారు పెదవి విరిచాడు. "కాఫీ కూడా ముట్టనివాణ్ణి. మచ్చలేని రక్తం నాది. కడగని చేతులతో రంగు కలిపుంటావ్. నీ మొహానికి ల్యాబొకటి! రేపట్నుంచి రానక్కర్లేదు."

తలుపు దగ్గర అటెండరు ఖళ్లుఖళ్లున దగ్గాడు.

"ఏయ్ పొగగొట్టం! అవతలికిపోయి దగ్గు" అని కసిరాడు సారు.

తల్లి గుమ్మం దాటి లోపలికొచ్చింది. మెరిసిందంటే సారుకే ఏదో ముంచుకొచ్చిందన్నమాట!

"బాబూ, పిల్లని తర్వాత తిడుదురుగాని, ముందు మీ ఒళ్లు చూసుకోండి. సూది గుచ్చినచోట వాచిందేమో! ఏ చెయ్యి?"

వద్దంటున్నా వినకుండా ఆయన రెండు చేతులూ తిప్పి చూసింది. పొట్టిచేతుల చొక్కా.

"పొద్దున తీసిన రక్తమేగా బాబూ? ఎక్కడా చిన్న మచ్చయినా లేదేం?"

కూతురు తల్లివంక చూసింది. సారువంక చూసింది. సొరుగులోంచి కొత్త సూది తీసింది.

"ఇప్పుడు మా కళ్లెదుట ఇవ్వండి సార్. ఈసారి మెరవకపోతే తప్పు నాదే. ఈ నిమిషమే వెళ్లిపోతాను."

ఒక్క చుక్క ఇస్తే చాలు, గెలుపు ఆయనదే.

సూది మూత ఊడింది. సారు మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. వెనక్కి వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోయాడు. అటెండరు గబగబా చొక్కాచేతులు కిందికి లాక్కున్నాడు.

"దాన్ని... లోపల పెట్టేయమ్మా" అన్నాడు చివరికి సారు, కళ్లు గట్టిగా మూసుకుని. "ఆ రక్తం మన పొగగొట్టానిది."