నేల మీద సూర్యుళ్ళు

“అమ్మా, ఇంకా పది నిమిషాలే! సూర్యుడు నల్లబడిపోతాడట, రా!”

చిట్టి చెయ్యి పట్టుకుని లాగుతుంటే వాళ్ళమ్మ కుట్టు మిషను ఆపి లేచింది. ఆమె దర్జీ. చొక్కాకి ఒక చెయ్యే కుట్టింది. ఉండనీ అనుకుంది. రేపు దాన్ని తొడుక్కునేవాళ్ళు ఉంటారో లేదో!

దుకాణం పైన ప్రార్థన మందిరం. దాని పైన డాబా. అప్పటికే సంఘమంతా అక్కడుంది. కొందరు పాడుతున్నారు. కొందరు ఆనందం పట్టలేక ఏడుస్తున్నారు. ఒకావిడ మాత్రం పొయ్యి ఆర్పానా లేదా అని గొణుక్కుంటోంది.

“ఇంక ఆరితే ఎంత, ఆరకపోతే ఎంత వదినా!” అన్నారెవరో. అందరూ గొల్లున నవ్వారు.

పాస్టరు గారు రెండు చేతులూ పైకెత్తారు.

“ప్రభువు రాకడకి ముందు ఆకాశంలో సూచనలు కనబడతాయని ఎన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాం! ఇవాళ కళ్ళారా చూడబోతున్నాం! తలలెత్తండి!”

“ఎత్తకండి!”

మెట్ల దగ్గర్నుంచి వచ్చిందా కేక. ఎవరో ముసలావిడ. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. రొప్పుతోంది.

“వట్టి కళ్ళతో చూడకండి నాయనా! మీకు దణ్ణం పెడతాను. ముందు పిల్లల్ని కిందికి చూడమనండి!”

అంటూనే వచ్చి, రెండు చేతులతో చిట్టి కళ్ళు మూసేసింది.

దర్జీకి ఒళ్ళు మండింది. ఆ చేతుల్ని విదిలించి కొట్టింది.

“నా కూతురి మీద చెయ్యేస్తారేంటి? నమ్మకం లేకపోతే మీ ఇంట్లో కూర్చోండి!”

“నమ్మకం లేకేం తల్లీ? ఆయన వస్తాడు. వచ్చినప్పుడు ఆయన ముఖం చూడ్డానికి దీనికి కళ్ళుండాలా, వద్దా?”

దర్జీకి కోపం రెట్టింపైంది. ముసలావిడ భుజం పట్టుకుని మెట్లదాకా నడిపించింది.

“దిగండి.”

ముసలావిడ దిగిపోయింది.

అంతలో ఎండ పలచబడింది.

“మొదలైంది!” అన్నారు పాస్టరు గారు.

కింద వీధిలోంచి మళ్ళీ అదే గొంతు.

“చిన్నతల్లీ! ఇటు చూడు! సూర్యుడు ఇక్కడున్నాడు!”

చిట్టి పిట్టగోడ మీంచి వంగి చూసింది.

బేకరీ ముందు ముసలావిడ నిలబడి ఉంది. రొట్టెలు ఆరబెట్టే చిల్లుల రేకు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. దాని నీడలో, నేల మీద, పదులకొద్దీ సూర్యుళ్ళు. ఒక్కొక్కటీ బొటనగోరంత. ప్రతిదాన్నీ ఒక పక్క ఎవరో కొరికేసినట్టుంది.

“అమ్మా! బోలెడు సూర్యుళ్ళు!”

చిట్టి ఒక్క ఉరుకున మెట్లు దిగింది. దాని వెనక దర్జీ. ఆ వెనక మిగతా పిల్లలు, పిల్లల కోసం తల్లులు, తల్లుల్ని వెనక్కి పిలవబోయి తండ్రులు. చివరికి పాస్టరు గారు కూడా మోకాళ్ళు పట్టుకుంటూ దిగి వచ్చారు.

“నా చేతిలో మూడు!”

“నా చొక్కా మీద ఆరు!”

“పాస్టరు గారి బట్టతల మీద చూడండే!”

సూర్యుళ్ళు సన్నబడుతున్నాయి. నెలవంకలయ్యాయి. పిట్టలు గప్‌చిప్ అయిపోయాయి. వీధంతా చల్లబడింది. అందరి ఒళ్ళూ జలదరించింది. ఎవరో పాట అందుకున్నారు. అందరూ తలలు దించుకునే గొంతు కలిపారు.

“ఇంత దగ్గరగా చూస్తాననుకోలేదు” అన్నారు పాస్టరు గారు, అరచేతిలోకి చూసుకుంటూ.

వెలుతురు తిరిగొచ్చింది. ఒకరినొకరు కావలించుకున్నారు. దర్జీ ముసలావిడ కోసం చుట్టూ వెతికింది.

“ఇప్పుడే వెళ్ళిపోయిందక్కా, ఆ సందులోంచి” అన్నాడు బేకరీ అతను.

సందులో ఎవరూ లేరు.

మధ్యాహ్నం దుకాణానికి ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి.

“మా అమ్మ ఇటు వచ్చిందా అండీ? చిల్లులున్నదేదో అడిగి ఉంటుంది.”

దర్జీ చటుక్కున లేచింది.

“వచ్చారు! నేనే ఆమెని... ఇంటికి రాలేదా?”

“ఇలాంటి రోజున రాదు. ఎక్కడో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. వెతికి తీసుకెళ్ళాలి. ఎవరైనా పైకి చూశారా?”

“లేదండీ. ఒక్కరు కూడా.”

“పిల్లలు?”

“పిల్లలూ చూడలేదు.”

అతని ముఖం వెలిగిపోయింది. ఆమెని చూడ్డానికి తల బాగా పక్కకి తిప్పాడు.

“ఏమనుకోకండి. సూటిగా చూస్తే ఎదుటివాళ్ళ ముఖం కనబడదు నాకు. పక్కలే కనబడతాయి.”

“పుట్టుకతోనా?”

“ఏడేళ్ళప్పుడు, ఇలాంటి గ్రహణం రోజునే. మా మందిరం డాబా మీద. ప్రభువు సూచన ముందు రెప్ప వెయ్యకండి అంది మా బోధకురాలు. అందరికంటే ఎక్కువసేపు నేనే వెయ్యలేదు.”

“పసివాడికి అలా చెప్తారా? ఎవరండీ ఆ మహాతల్లి?” అంది దర్జీ, చెప్పులు తొడుక్కుంటూ.

“ఆవిడ్నేనండీ, ఇప్పుడు మనం వెతకబోయేది” అన్నాడతను.