మతిమరుపు అభ్యర్థి

"పెట్టను. సంతకం పెట్టనంటే పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో!"

ముసలాయన విసిరికొట్టిన కాగితం బల్ల మీంచి జారి పార్టీ అధ్యక్షుడి కాళ్ల దగ్గర పడింది. అధ్యక్షుడు సెల్‌ఫోన్లోంచి తల ఎత్తకుండానే వంగి, దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్లీ బల్ల మీదే పెట్టాడు. సిగ్గూ ఎగ్గూ వదిలేసినవాళ్లకి ఓపిక బాగానే ఉంటుంది.

"ఆవేశపడకన్నా. ఎండల్లో తిరిగి ఇప్పటికే నీ గొంతు బొంగురుపోయింది. కంటి ఆపరేషనని పెట్టుకున్న ఆ నల్లకళ్లద్దాలు ఇంకా తియ్యనేలేదు. సాయంత్రం ఉపసంహరణ గడువులోగా తప్పుకుంటున్నానని రాసిచ్చావంటే, డమ్మీగా నామినేషనేసిన మా అల్లుడు నీ బదులు నిలబడతాడు. నీకు గౌరవ సలహాదారు పదవి. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

"గోడల నిండా ఈ మొహమే అతికించారు కదరా! పోలింగు ముంచుకొచ్చాక ముసలి మొహమైపోయిందా?"

"వయసు కాదన్నా, మతిమరుపు." అధ్యక్షుడు ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టాడు. "మొన్న సభలో నీతో కలిసి చదువుకున్నాయన వచ్చి కావలించుకుంటే తమరెవరని అడిగావు. వదినని మైకులో 'అమ్మగారూ' అని పిలిచావు. ఊరేగింపు అయిపోయాక తిన్నగా వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నావు. జనం పడీ పడీ నవ్వారు. పార్టీ పరువేం కావాలి?"

ముసలాయన నల్లకళ్లద్దాలు ముక్కు మీదికి ఇంకాస్త నొక్కుకున్నాడు.

అంతలో ఇంటావిడ మంచినీళ్ల గ్లాసు తెచ్చింది. ఆమెని చూడగానే ముసలాయన సోఫా అంచు మీంచి దిగ్గున లేచి నిలబడ్డాడు. ఆమె కసిరినట్టు చూసేసరికి మళ్లీ కూర్చున్నాడు.

"చూశారా వదినా? ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో కూడా తెలియట్లేదు అన్నకి."

ఆమె గ్లాసుని ఠక్కున బల్ల మీద పెట్టింది. నీళ్లు ఒలికి కాగితం తడిసింది.

"ముందా ఫోను పక్కన పెట్టు. ఎదురుగా ఉన్న మనిషి మొహంలోకి చూసి మాట్లాడు. నువ్వలా చూసి ఎన్నేళ్లయింది? ఆ గోడ మీద ఫొటోలు చూసుకో. అన్నింట్లోనూ కెమెరా వంకే చూస్తున్నావు. పక్కనున్న మనిషి ఉన్నాడో పోయాడో ఎన్నడైనా పట్టించుకున్నావా?"

ఆమె కోపం నిజమైనది. అధ్యక్షుడు ఇంకాస్త తలొంచుకుని ఫోనులో ఏదో వెతికాడు.

"నీ అల్లుడెందుకు ఎగబడుతున్నాడో నాకు తెలీదనుకున్నావా?" ముసలాయన అందుకున్నాడు. "చెరువు పక్క బస్తీ మీద వాడి కన్ను. గెలిచిన మర్నాడే మిషన్లు తోలతాడు. మా ఇళ్లన్నీ నేలమట్టం చేస్తే పిల్లాజెల్లా ఎక్కడికి పోవాలి?"

"మీ ఇళ్లేంటన్నా?" అధ్యక్షుడు పకపకా నవ్వాడు. "నీ ఇల్లు ఇదీ! నేను చెప్పేదీ అదే కదా!"

"నవ్వు, నవ్వు," అంది ఇంటావిడ. "పోయినసారి ఆ మిషన్లకి అడ్డంగా పడుకుని ఆపింది ఈ ఇంటి మనిషే. ఈసారీ ఆపుతాం. అందుకేగా మీకీ తొందర?"

లోపలి గదిలోంచి సన్నగా మూలుగు వినిపించింది. అధ్యక్షుడు చెవులు రిక్కించాడు.

"ఎవరది?"

"మా డ్రైవరు," అంది ఆమె తొణక్కుండా. "పక్షవాతం వచ్చింది. మాట కూడా పడిపోయింది. ఇన్నేళ్లు మమ్మల్ని నమ్ముకున్నవాడు, ఎక్కడికి పంపిస్తాం?"

"ఇదే వదినా మీ ఇంట్లో జబ్బు. పనికిరానివాళ్లని వదిలించుకోవడం చేతకాదు. ఏ ఆశ్రమంలోనో పడేస్తే పోయేదానికి..."

ముసలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. తడిసిన కాగితం అందుకుని పరపరా చించి, ఆ ముక్కలు అధ్యక్షుడి ఒళ్లో పోశాడు.

"ఎవర్రా పనికిరానిది? ఆ మంచం మీదున్న మనిషి కాలిగోటికి చాలవు నువ్వు! నీ పార్టీ జెండా పట్టుకునే దిక్కు లేని రోజుల్లో ఊరూరా తిరిగాడు. ఎండనకా వాననకా తిరిగాడు. తిండి లేకుండా కారులోనే పడుకున్న రాత్రులు నాకు తెలుసు. ఆ ఒళ్లు హూనమైందంటే నీవల్ల, నీ పార్టీవల్ల! అవసరం తీరాక ఆశ్రమంలో పడేస్తావా? లే! ముందు బయటికి నడువు! పోటీలో నేనే ఉంటా. మిషన్లొస్తే అడ్డంగా నేనే పడుకుంటా!"

నల్లకళ్లద్దాల కిందినుంచి నీళ్లు చెంపల మీదికి కారాయి.

ఓ డ్రైవరు కోసం ఇంత గొడవేమిటో అధ్యక్షుడికి బోధపడలేదు. సంతకం లేనిదే అభ్యర్థిని మార్చే దారీ లేదు. "మతి పూర్తిగా పోయింది" అని గొణుక్కుంటూ, ఒళ్లో ముక్కలు దులుపుకుని, మొహం మాడ్చుకుని బయటికి నడిచాడు. కారులో కొత్త చొక్కా వేసుకుని కూర్చున్న అల్లుడు ఏమైందని అడగడం, అధ్యక్షుడు నోర్ముయ్యమనడం లోపలికి వినపడ్డాయి.

ఇంటావిడ తలుపు గడియ పెట్టి, దానికే చేరగిలబడింది. ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"గది దాకా అంతా వినపడే ఉంటుంది," అంది కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

ముసలాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. భుజం మీది శాలువా జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చాడు.

"అయ్యగారికి మందులేసే వేళయిందమ్మగారూ," అన్నాడు డ్రైవరు.