చల్లటి ఇంజను

పాత ట్రాక్టరు కొనాలంటే మా మామయ్యకు ఒకటే పరీక్ష. ఇంజను చల్లగా ఉండాలి, సెల్ఫు కొట్టగానే అందుకోవాలి. వెళ్లేసరికే వెచ్చగా ఉందంటే, అమ్మేవాళ్లు ముందే నానా తంటాలు పడి స్టార్టు చేసి ఉంచారన్నమాట.

షెడ్డులో అడుగుపెట్టగానే బానెట్ కింద చెయ్యి దూర్చి, నావైపు చూసి కన్నుగీటాడు.

"వెచ్చగా ఉంది. పొద్దుట్నించీ ఎన్నిసార్లు స్టార్టు చేశావమ్మా?" అని ట్రాక్టరు ఓనరమ్మను అడిగాడు.

"ఒట్టు బాబాయిగారూ, తాళంచెవి కూడా ముట్టుకోలేదు."

"ముప్ఫై ఏళ్లుగా ఇంజన్లు చూస్తున్నా. నా చెవిలో పువ్వులు పెట్టకు," అంటూ బానెట్ ఎత్తాడు.

ఇంజను మీద గడ్డి, గడ్డి మీద కోడిపెట్ట. పెట్ట మామయ్య వేలు చూసి మరీ పొడిచింది.

మామయ్య వేలు నోట్లో పెట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. అనవసరంగా నిన్ను అనుమానించాను. ఈ బండి నేనే తీసుకుంటా," అన్నాడు ఆ వేలి పక్కనుంచే.

ఓనరమ్మ మొహం వెలిగిపోయింది.

"కొత్తవాళ్లనే పొడుస్తుందండీ, మంచిదే. నాలుగేళ్లుగా ఏటా ఇక్కడే పొదుగుతుంది. ఒక్కసారి కూడా దాన్ని లేపాల్సిన పని పడలేదు," అంది.

మామయ్య నోట్లోంచి వేలు తీసి, బానెట్ నెమ్మదిగా మూసేశాడు.