వట్టి పళ్ళెం వెనక్కి పంపకూడదు

“బాక్టీరియా అని చెప్పు తల్లీ, నీ సొమ్మేం పోయింది?” అన్నాడు ఆర్విడ్ టోలెఫ్సన్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

డాక్టర్ వాంగ్ ఎక్స్‌రే మీంచి చూపు తిప్పలేదు. “నేను చెబితే మారిపోతుందాండీ? ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. పరీక్షలో వైరస్ అనే తేలింది. చూడండి, రెండు వైపులా పలచగా మబ్బు పట్టినట్టుంది. బాక్టీరియా అయితే చాలామందికి ఒక పక్కే ముద్దగా, తెల్లగా కనిపిస్తుంది. అది ఉన్నట్టుండి వణికించే జ్వరంతో వస్తుంది, కఫం తుప్పు రంగులో పడుతుంది. మీకు జలుబుగా మొదలై మెల్లగా లోపలికి దిగింది.”

“అయితే యాంటీబయాటిక్ ఇవ్వవా?”

“వైరస్ మీద అది పనిచేయదు. పడుకోండి, వేడివేడిగా తాగండి, ఓపిక పట్టండి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే రండి. ఇంట్లోకి ఎవర్నీ రానివ్వకండి, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళని.”

“అదే బాక్టీరియా అయితే?”

“మందు మొదలెట్టిన ఒకటి రెండు రోజులకి అంటుకునే భయం బాగా తగ్గుతుంది. ఎందుకలా అడుగుతున్నారు?”

ఆర్విడ్ దగ్గుతో జవాబు తప్పించుకున్నాడు. మూల కుర్చీలో ఉన్న ఓరిన్ కిసుక్కున నవ్వాడు. అతను ఆర్విడ్ పోయిన భార్యకి తమ్ముడు. బావని ఏడిపించడమే అతనికి పని.

బండి ఎక్కాక ఓరిన్ ఆగలేదు. “అడగందే అమ్మయినా పెట్టదు బావా. రెండేళ్ళుగా ఆ పళ్ళేన్ని అటూ ఇటూ మోస్తున్నారు గానీ, ‘వచ్చి కూర్చోండి వెర్నా’ అని గట్టిగా ఒక్క ముక్క అనలేకపోయావు.”

“నోర్మూసుకుని రోడ్డు చూడు. అసలీ రోగం అంటించిందే నువ్వు. గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే గుడిసెలో నా మొహాన తుమ్మిందెవరు?”

“అది నస్యం తుమ్ము.”

ఆ పళ్ళెం సంగతి ఊరందరికీ తెలుసు. మిన్నెసోటా ఉత్తరాన ఆ ఊళ్ళో ఇంట్లో కష్టం వస్తే ఇరుగుపొరుగు హాట్‌డిష్ చేసి తెస్తారు. మాంసం కూరి, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి, గాజు పళ్ళెంలో కాల్చే వంటకం అది. పళ్ళెం అడుగున ఇంటావిడ పేరు అంటించి ఉంటుంది, తిరిగివ్వాలని. వట్టి పళ్ళెం వెనక్కి పంపకూడదు. ఆర్విడ్ భార్య పోయినప్పుడు పక్కింటి వెర్నా లిండ్‌క్విస్ట్ తెచ్చింది. ఆమె భర్త అంతకు ముందే పోయాడు. ఆర్విడ్ ఆ పళ్ళెంలో పొగబెట్టిన చేప పెట్టి ఇచ్చాడు. ఆమె దాంట్లో కేకు పంపింది. అప్పట్నుంచీ ఆ పళ్ళేనికి తీరికే లేదు.

అంతా గుమ్మం దగ్గరే. కాఫీకి రమ్మంటే రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవడం ఆ ఊరి మర్యాద. ఆర్విడ్ సిగ్గరి. రెండోసారికే ఆగిపోయేవాడు. అవతల వెర్నాదీ అదే వరస.

కిందటి నెల వెర్నాకే నెమ్ము చేసినప్పుడు గానీ ఆ గడప దాటలేదు. ఆర్విడ్ సూపు పట్టుకెళ్తే ఆమె కిటికీలోంచి కేకేసింది. “బాక్టీరియా అట. మందేసుకుంటున్నాను, అంటుకోదు. లోపలికి రండి.” మూడుసార్లు పిలిపించుకోలేదు కూడా. ఇక రోజూ మధ్యాహ్నం ఆమె సోఫా పక్కన కూర్చుని పేకాడాడు. ఆమె దగ్గుతూ, ఏప్రన్ జేబులోంచి నీలం డబ్బా తీసి మాత్ర వేసుకునేది. ఇల్లంతా పుదీనా వాసన. ఈ కాలం మందులు ఎంత కమ్మగా ఉంటున్నాయో అనుకున్నాడు ఆర్విడ్. చాలా ఏళ్ళ తర్వాత అంత సంతోషంగా ఉన్న రోజులవే.

ఇప్పుడు వైరస్ అని చెబితే ఆమె పళ్ళేన్ని మంచు మెట్ల మీద పెట్టి, చెయ్యూపి వెళ్ళిపోతుంది. మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చి పడుతుంది కథ.

సాయంత్రం తలుపు చప్పుడైంది.

“డాక్టరేమంది?” అంది వెర్నా, పళ్ళెం పట్టుకుని.

“బాక్టీరియా అట,” అన్నాడు ఆర్విడ్. “మందేసుకుంటున్నాను. లోపలికి రండి.”

వెర్నా అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. వచ్చేసింది. కోటు తగిలించి, ఇద్దరికీ వడ్డించి, పేక కలిపింది. ఆర్విడ్‌కి ఆటలో ధ్యాస నిలవలేదు. ముక్కలు తప్పుగా వేశాడు.

“ఒంట్లో బాలేకపోతే ఆటలో తొండి చెయ్యొచ్చా?” అంటూ నవ్వబోయి దగ్గింది వెర్నా. ఆపకుండా దగ్గింది.

ఆర్విడ్ ముక్కలు కింద పెట్టేశాడు. పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు. ఈమెకేమైనా అయితే తన స్వార్థం వల్లే అయినట్టు.

“వెర్నా, వెళ్ళిపోండి. అబద్ధమాడాను. నాది వైరస్. ఆ ఓరిన్ గాడు నాకంటించాడు, నేను మీకంటించాను. ఒంటరిగా కూర్చోలేక అలా అన్నాను. మిమ్మల్ని రమ్మనడానికి నాకింకో దారి తెలీలేదు.”

వెర్నా పేక బోర్లించి లేచింది. నేరుగా కోటు దగ్గరికి నడిచింది. అయిపోయింది, అనుకున్నాడు ఆర్విడ్.

ఆమె కోటు తొడుక్కోలేదు. జేబులోంచి నీలం డబ్బా తీసి, ఒక బిళ్ళ అతని అరచేతిలో పెట్టింది. ఆర్విడ్ నోట్లో వేసుకున్నాడు. తియ్యగా, చల్లగా తగిలింది. కిరాణా కొట్లో ఎవరైనా కొనుక్కునే పుదీనా దగ్గు బిళ్ళ.

“ఇదేనా మీ యాంటీబయాటిక్?”

వెర్నా కూర్చుని ముక్కలు చేతిలోకి తీసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. “పాపం ఓరిన్ని తిట్టకండి,” అంది తల ఎత్తకుండా.

“అప్పుడు నాదీ వైరస్సే.”