ముందు సీటు మీద తువ్వాలు

ఎలీయాజరు మెట్లెక్కి బస్సు పై అంతస్తుకి వచ్చేసరికి ముందు సీటు మీద తువ్వాలు ఉంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే డబుల్ డెక్కర్‌కి అదే ఆఖరి ట్రిప్పు. రేపట్నుంచి కరెంటు బస్సులట. కింద బస్టాండులో బంతిపూల దండలు, కొబ్బరికాయలు, మైకులో ఉపన్యాసాలు. నిన్నటిదాకా దీన్ని డొక్కు బస్సని తిట్టినవాళ్లే ఇవాళ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఎలీయాజరుది ఫొటోల గోల కాదు. ఇప్పుడు ఏలూరులోనే ఉంటున్నా, అప్పట్లో భీమడోలులో కాపురం ఉండి ఏలూరు జూట్ మిల్లులో పనిచేసినన్నాళ్లూ ఈ బస్సులోనే తిరిగాడు. పైన అద్దం ముందున్న ఒంటి సీటు మాత్రం ఒక్కసారీ దొరకలేదు. షిఫ్టు దిగి వచ్చేసరికి ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. అక్కణ్ణుంచి చూస్తే గుండుగొలను దాటాక కొల్లేరు చెరువులు రేకులు పరిచినట్టు మెరుస్తాయట. కూర్చున్నవాళ్లు చెబితే వినడమే. ఇవాళైనా అందులో కూర్చోవాలని వారం రోజులుగా భార్య యేసమ్మని ఊదరగొడుతున్నాడు.

యేసమ్మ పొద్దున్నే చర్చికి వెళ్లి, అట్నుంచటే బస్టాండుకి వచ్చేసింది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేదు. కింద ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఈయన జుట్టుకి రంగేసుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చేసరికి బస్సు నిండిపోయింది. ఆవిడ కిటికీలోంచి పైకి వెళ్లమని చెయ్యూపింది. ముసిముసిగా నవ్వింది కూడా. జుట్టు రంగు చూసి నవ్వుతోందనుకుని ఎలీయాజరు మొహం తిప్పేసుకున్నాడు.

తీరా పైకొస్తే ఇదీ సంగతి. ఎర్రంచు తువ్వాలు. కొత్తది. గంజి కూడా వదల్లేదు.

బస్సు సీటు మీద తువ్వాలు పడితే ఆ సీటు వేసినవాడిదే. ఈ హక్కు రాజ్యాంగంలో లేదు. రాజ్యాంగం కన్నా గట్టిగా అమలవుతోంది.

"కింద నుంచి విసిరితే ఇంత ఎత్తు అందదండి," అన్నాడు పక్కనే నిలబడ్డ వాళ్ల వీధి ఉమాపతి మాస్టారు. "ఎవరో ముందే ఎక్కి మరీ వేశారు. పెద్దమనిషే అయ్యుంటాడు."

"పెద్దమనిషి కాబట్టే ఇంకా రాలేదండి. బస్సు ఆయన కోసం ఆగాలి కాబోలు."

ఫోను పట్టుకున్న కుర్రాడొకడు జనంలోంచి దూరి వచ్చాడు. పేరు దుర్గేష్. అప్పటికే కింద పది మందితో ఫొటోలు తీయించుకుని వస్తున్నాడు.

"ఖాళీయే కదండీ బాబాయ్ గారూ. కూర్చుని ఒక రీలు తీసుకుంటానండి."

"తువ్వాలు కనబడ్డంలేదా?"

"తువ్వాలుకి టికెట్ కొట్టారేంటండీ?"

"కొట్టకపోయినా పద్ధతంటూ ఒకటుందయ్యా. మిల్లు గేటు దగ్గర క్యూలో నేను మేనేజరు బావమరిదిని కూడా ముందుకి పోనివ్వలేదు. నిన్ను పోనిస్తానా?"

"అయితే తువ్వాలుకి కాపలా మీరన్నమాట."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎలీయాజరుకి పౌరుషం వచ్చింది. సీటుకి వీపు పెట్టి, రెండు చేతులూ అడ్డంగా చాపి, జనానికి ఎదురుగా నిలబడ్డాడు.

బస్సు కదిలింది. దెందులూరు దాటింది. తువ్వాలాయన రాలేదు.

గుండుగొలను కూడా దాటింది. "అదిగోనండీ చెరువులు," అని ఒకటే సందడి. ఎలీయాజరు వెనక్కి తిరగబోయాడు. దుర్గేష్ ఆ సందులోంచే సీట్లోకి జారబోయాడు. మళ్లీ అడ్డం పడక తప్పలేదు. ఎలీయాజరు చూసిన కొల్లేరల్లా ఉమాపతి మాస్టారి కళ్లజోడులో మెరిసిన మెరుపే. అదీ మాస్టారు తల తిప్పగానే పోయింది.

భీమడోలు వచ్చేసరికి కాళ్లు పీకేస్తున్నాయి.

"పోనీ మీరే కూర్చోండి," అన్నాడు మాస్టారు జాలిపడి. "ఆయనొస్తే లేద్దురుగాని."

ఎలీయాజరు సీటు వంక చూశాడు. మెల్లగా వంగాడు.

"కూర్చోండి బాబాయ్ గారూ, నేనేం చూళ్లేదు," అంటూ దుర్గేష్ చేత్తో కళ్లు మూసుకున్నాడు.

ఎలీయాజరు నిప్పు తగిలినట్టు నిటారుగా నిలబడ్డాడు. ఇక పుళ్ల, కైకరం, నారాయణపురం అన్నీ నిలబడే దాటాడు. దారి పొడుగునా తిట్లు.

"ఇలాంటివాళ్ల వల్లేనండి ఊళ్లు పాడైపోయేది. తను కూర్చోడు, ఇంకొకణ్ణి కూర్చోనివ్వడు. బుద్ధున్న మనిషి చేసే పనేనా?"

"బుద్ధుంటే ఈపాటికి వచ్చి కూర్చునేవాడు," అన్నాడు మాస్టారు.

తాడేపల్లిగూడెం వచ్చింది. అందరూ దిగిపోయారు. ఆ సీట్లో ఎవరూ కూర్చోకుండానే బస్సు పని అయిపోయింది. ఎలీయాజరు తువ్వాలుని విసురుగా లాగి చంకలో పెట్టుకున్నాడు. ఆ పెద్దమనిషెవరో కనుక్కుని మొహాన కొట్టందే ఇంటికెళ్లకూడదనుకున్నాడు. పళ్లు కొరుక్కుంటూ మెట్లు దిగాడు.

మెట్ల కింద కమ్మీ పట్టుకుని నిలబడ్డ యేసమ్మ ఆయన చంకలోని తువ్వాలు చూసి మురిసిపోతూ, "పొద్దున్నే ఎదురింటి జాయ్సీని పైకెక్కించి మీకోసమే వేయించానండీ, సీట్లో హాయిగా కూర్చున్నారా?" అంది.