వెనక బెంచీ పరశురాములు

సింధూజ చాక్‌పీసు పట్టుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

ఆమె టీచరు ట్రైనింగులో ఉంది. పోయినసారి పాఠం సగంలోనే నోరు ఎండి ఆగిపోయింది. మార్కులు వేసే శారదమ్మ మేడం మొహం మీదే చెప్పేసింది: “ఇంకోపాలి గిట్లయితే ఈ యేడు పాస్ చెయ్య. పోయి బట్టల దుకాణంల చీరలు మడతపెట్టుకో.”

ఆ దుకాణంలో కొలువు మానుకునే వచ్చింది పాపం ఈ పిల్ల. ఇంక వెనక్కి ఏ మొహం పెట్టుకుని పోతుంది? ఇప్పుడా మేడం తలుపు పక్కన కుర్చీ వేసుకుని, పెన్ను మూత తీసి కూర్చుంది.

పొద్దున కోస్గి నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సులో సింధూజ కుదురుగా కూర్చుంటే ఒట్టు. పాట పాడిద్దామా? కథ చెబుదామా? చార్టు చూపిద్దామా? కిటికీ పక్క నుంచి లేచి తలుపు దగ్గరికి, అక్కడి నుంచి డ్రైవరు వెనక్కి. “బస్సు పడతలేదా బిడ్డా?” అని ఒక ముసలామె నిమ్మకాయ చేతిలో పెట్టింది.

పాఠం భిన్నాల భాగహారం. మూడును సగంతో భాగించాలి.

“ఎట్ల చెయ్యాలె?” అని అడిగింది.

“తలకిందులు చెయ్యాలె, గుణించాలె!” తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

“ఎంతొచ్చింది?”

“ఆరు!”

హమ్మయ్య అనుకునేలోపు ఒక చెయ్యి లేచింది. పరశురాములు. వెనక బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాడు.

“టీచర్, భాగిస్తే తగ్గాలె గదా. మూడు ఆరు ఎట్లయితది?”

“తలకిందులు చేసినం గదా, అందుకే.”

“ఎందుకు చెయ్యాలె తలకిందులు?”

ఎందుకు? సింధూజ చిన్నప్పుడు వాళ్ల సారు బెత్తంతో బల్ల మీద కొట్టి ఇదే ముక్క వల్లె వేయించేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది?

బస్సులో కట్టుకున్న పాట అందుకుంది. డేవిడ్ బెంచీ మీద దరువు వేశాడు. ఆ దరువుకు పలక ఒకటి కిందపడింది. “టీచర్, డేవిడ్ నా జడ గుంజుతుండు!” అని కోమల కేక పెట్టింది. ఆ గోల సద్దుమణిగే సరికి మళ్లీ అదే చెయ్యి.

“పాట మంచిగుంది టీచర్. గని ఎందుకు?”

చార్టు విప్పింది. రంగులేసిన మూడు రొట్టెలు, మధ్యన గీతలు.

“గవి బొమ్మలు టీచర్. రొట్టెను కోస్తే రొట్టెనే ఉంటది. ఎక్కువెట్లయితది?”

“మెదడు ఇంట్ల మరిచి వచ్చినవా?” అన్నాడు డేవిడ్.

“నువ్వు ఎన్నడన్న తెచ్చుకున్నవా?”

అందరూ ఘొల్లుమన్నారు. శారదమ్మ పెన్ను గబగబా కదిలింది. ఏం రాస్తుందో! సింధూజకు ఒళ్లు మండింది. ఈ పరశురాములుకు నా మీద ఏం పగ? మిగిలిన వాళ్లందరికీ జవాబు వచ్చు. ‘నోరు మూసుకుని కూర్చో’ అని గద్దించి ముందుకు పోతే పాఠం గట్టెక్కుతుంది.

మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు అతని కళ్లు చూసింది. అల్లరి లేదు వాటిలో. తెలియని ఊళ్లో బస్సు దిగినవాడిలా బోర్డు కేసి చూస్తున్నాడు.

సింధూజ చార్టు చుట్టి పక్కన పడేసింది. సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసింది.

“మేడం, ఇది నా ప్లానుల లేదు.”

శారదమ్మ కళ్లద్దాల మీంచి చూసింది.

“పరశురాములూ, గిటు రా. మా అమ్మ చేసిన జొన్నరొట్టెలు, మూడున్నయి. ఒక్కొక్కరికి ఒకటిస్తే ఎంతమందికొస్తయి?”

“ముగ్గురికి.”

“ఒక్కొక్కరికి సగమే ఇయ్యి. నువ్వే పంచు.”

అతను తుంచాడు. డేవిడ్‌కొక సగం. “పల్లికారం లేదా టీచర్?” అన్నాడు వాడు, అప్పుడే నోట్లో పెట్టుకుని. కోమలకొక సగం. ముందు బెంచీలో ముగ్గురికి మూడు సగాలు. చివరి ముక్క అతని చేతిలోనే ఉండిపోయింది.

“నాతోని ఆరుగురు,” అన్నాడు మెల్లగా.

“రొట్టెలు పెరిగినయా?”

“లే. మూడే.”

“మరి ఆరు ఎక్కడిది?”

అతను చేతిలో ముక్కను చూశాడు. తింటున్న వాళ్లను చూశాడు.

“మనుషులు! తక్కువ తక్కువ ఇస్తే ఎక్కువమందికి అందింది. భాగించుడంటే ఎంతమందికొస్తదని అడుగుడేనా టీచర్? ఒక్క రొట్టె ఇద్దరికొస్తది... గందుకేనా రెండుతోని గుణించుడు?”

“గందుకే.”

డేవిడ్ నమలడం ఆపాడు. పరశురాములు రొట్టె ముక్క పట్టుకుని పోయి తన బెంచీలో కూర్చున్నాడు.

శారదమ్మ పెన్నుకు మూత పెట్టింది. “పాస్,” అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. సింధూజ ఖాళీ టిఫిన్ డబ్బాకు మూత పెట్టింది. పరశురాములు మాత్రం లేవలేదు, తల వంచుకునే ఉన్నాడు.

“పాఠం అయిపోయింది. ఇగ చాలు పరశురాములూ,” అంది శారదమ్మ.

“అర్థంకాని పిల్లగాని వేషం కట్టుమన్నరు, కట్టిన మేడం,” అన్నాడు తోటి ట్రైనీలందరితో పాటు పిల్లాడిలా కూర్చున్న పరశురాములు, నెరుస్తున్న మీసం మీదికి జారిన కన్నీళ్లు తుడుచుకుంటూ, “గని అర్థం కాకపోవుడు వేషం గాదు, గిదే లెక్క ఎందుకని నా బిడ్డ అడుగుతుంటే రోజూ మొఖం చాటేస్తున్న.”