మాట జవదాటని పడవ

కొత్తగా బిగించిన ఆటోపైలట్ బొత్తం నొక్కి, యజమాని చుక్కాని వదిలేశాడు. తెరచాప పడవ గీత గీసినట్టు సాగింది.

"చూశావా? దిక్కు చెబితే చాలు, దిక్కులు చూడదు. ఎదురు చెప్పదు, అలగదు. ఇన్నేళ్లూ చుక్కాని పట్టి నాకు చుక్కలు చూపించావు. ఇక నీతో పనిలేదు!"

భార్య ఇదంతా విని, ఆటోపైలట్ బిగించిన మెకానిక్ వైపు తిరిగింది.

"అన్నా, ఈయన నీళ్లలో పడితే ఇదేం చేస్తుంది?"

"ఏం చెయ్యదమ్మా. సారు చెప్పిన దిక్కుకే పోతుంది."

"నేను 'ఆగు' అని అరిచినా?" అన్నాడు యజమాని.

"మీరు ముందు చెప్పిన మాట జవదాటదుగా సార్!"

"మరి నాకు దిక్కెవరయ్యా?"

"పడవలో మిగిలినవాళ్లే. ఆ ఎర్ర బొత్తం నొక్కి, చుక్కాని అందుకుని, మీకోసం వెనక్కి తిప్పాలి."

మిగిలేదెవరో యజమానికి అప్పుడు తట్టింది. గొంతు తగ్గించాడు.

"ఆ బొత్తమేదో ముందు మా ఆవిడకి చూపించు నాయనా."

"తొందరేముందండీ?" ఆవిడ ఫ్లాస్కులోంచి తాపీగా టీ వంపుకుంది. "నాతో పనిలేదన్నారుగా. తీరిగ్గా నేర్చుకుంటా."

యజమాని పడవ అంచు నుంచి జరిగి జరిగి, నడిమధ్యకు వచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు.